మూడు చెంచాలు

మా ఊరికి సూర్యుడు రెండు నెలలు సెలవు.
నవంబరు చివర కొండ వెనక్కి దిగితే
మళ్ళీ జనవరి ఆఖరి వారంలోనే
మా వీధి కిటికీల మీద కాలు పెట్టేది.
ఆ రోజు ఊరంతా తీపి అట్లు పోసుకుని కాఫీ తాగుతాం.
సూర్యుడికైతే తేదీ ఉంది, స్వన్‌దీస్,
నీకు రాబోయేదానికి లేదు.

అందుకే శనివారం
చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి,
చేతుల నీచువాసన ఇంకా వదలకముందే
దుకాణంలో ఆ అర ముందు నిలబడ్డాను.
రెక్కలున్నవి, లేనివి,
రాత్రివి, పగటివి, వేలెడంతవి, బారెడంతవి.
ముప్పై ఏళ్ళుగా కొంటున్నదాన్ని
ఇవాళే ఊళ్ళోకి దిగినదానిలా తెల్లబోయాను.
పదకొండున్నరేళ్ళ నడుముకి ఏది సరిపోతుందో
ఏ పెట్టె మీదా రాసి లేదు.
అన్నీ ఒక్కోటి బుట్టలో వేశాను.
కౌంటర్లో స్తూర్లా ఒక్కొక్కటే బీప్‌మనిపిస్తూ
"ఇంటినిండా అమ్మాయిలా?" అన్నాడు.
"ఒక్కతే. ఇంకా ఏదీ తేల్చుకోలేదు."

నాకు మా అమ్మ
దిండు కింద ఒక పొట్లం పెట్టింది.
అంతే.
పొట్లమే మాట్లాడుతుందనుకుంది కాబోలు.
ఆ వారమంతా నాన్న పడవకి
వేయాల్సిన రంగు గురించే మాట్లాడింది.

నేను మాట్లాడదామనే
దారంతా వాక్యాలు కూర్చుకుంటూ వచ్చాను.
నువ్వు ఈతకొలను నుంచి తడిజుట్టుతో వచ్చి
వంటింటి బల్ల మీద పరిచినవి చూసి
"ఇవన్నీ నాకేనా? ఎంత వస్తుందేమిటి, బకెట్టా?" అన్నావు.
కూర్చుకున్నవన్నీ ఎటో పోయాయి.
"మూడు చెంచాలు," అన్నాను.
"మహా అయితే నాలుగైదు. అన్ని రోజులకీ కలిపి."

నువ్వు నమ్మలేదు.
ఫ్రిజ్‌లోంచి క్రిస్మస్‌కని దాచిన
ఊరబెట్టిన బీట్‌రూట్ సీసా తీశావు.
గళ్ళ నోటుపుస్తకం తెరిచి, పెన్సిలు చెక్కి,
చెంచాతో కొలిచి పోయడం మొదలెట్టావు.
పల్చటిది మూడు చెంచాలు పట్టింది,
నాలుగోదానికి పక్క నుంచి కారింది.
రాత్రిది సీసాలో సగం తాగి
ఇంకా ఉందా అన్నట్టు చూసింది.
టాంపాన్‌ని గ్లాసులో వేస్తే
నీళ్ళలో పడిన ఎలుకలా ఉబ్బింది,
నువ్వు కుర్చీతో సహా వెనక్కి జరిగావు.
కప్పును మడిచి వదిలితే
ఎగిరి దీపానికి తగిలింది.
"ఇది పదహారేళ్ళకి," అని
నువ్వే డ్రాయర్లో పెట్టి మూసేశావు.
ఓర్రి ఒక ప్యాడ్ ఎత్తుకెళ్ళి
తన ట్రక్కులో ఎలుగుబంటికి పరుపు వేశాడు.
నల్లటి నెలసరి చెడ్డీని జీన్స్ పైనే తొడుక్కుని
నువ్వు హాలంతా రెండుసార్లు నడిచి
"శబ్దం రావట్లేదు," అని రాసుకున్నావు.

శబ్దం!
నాకు నలభై మూడేళ్ళు.
తరగతి గదిలో పక్కపిల్లకి వినిపిస్తుందన్నది
నీ భయమని ఇప్పుడు తెలిసింది.

"మరి మంగళవారం ఈత?"
"మొదట్లో గట్టు మీద కూర్చో.
లేదా నీకే కావాలనిపించిన రోజు
ఆ ఎలుకని మళ్ళీ చూద్దాం."
ఒప్పుకోలేదు, కాదనలేదు.
పెన్సిలు చివర కొరుకుతూ
"అమ్మా, నీకు ఏది ఇష్టం?" అన్నావు.
ఇష్టమా?
చేతికి దొరికింది వాడాను.
ఇంతవరకూ ఎవరూ అడగలేదు,
నేను కూడా.

చివరికి పల్చటివి రెండు, ఆ నల్లటిది ఒకటి
నీ రికార్డర్ సంచిలోకి వెళ్ళాయి.
ఇప్పుడు పిల్లనగ్రోవి బయట, ఇవి లోపల.

బల్లగుడ్డ మీద ఎర్రటి మరక ఒకటి మిగిలింది.
నువ్వు వేడినీళ్ళ కుళాయి తిప్పావు.
"వేడివి కాదు! చన్నీళ్ళు!" అని అరిచాను,
నా గొంతు కాదది, మా అమ్మది.
పొట్లంతో పాటు
ఆ ఒక్క ముక్క చెప్పిందని
ఇన్నేళ్ళకి గుర్తొచ్చింది.

"ఇది బీట్‌రూటే కదమ్మా," అన్నావు.
అయినా కుళాయి
రెండో వైపుకి తిప్పావు.